చలికాలం పొద్దున్నే పాత బుల్లెట్, ఆర్‌ఎక్స్ 100 స్టార్ట్ చెయ్యడం ఎలా

మా ఆదిలాబాద్ వైపు డిసెంబర్, జనవరిలో తెల్లారుజామున 5, 6 డిగ్రీలకి పడిపోతుంటుంది, అటు లంబసింగి, పాడేరు వాళ్లకైతే చెప్పక్కర్లేదు. ఆ టైంలో వాకిట్లో పాత బండి మీద ముప్పై కిక్కులు కొట్టి, మోకాలు పట్టేసి, చివరికి మెకానిక్‌కి ఫోన్ చేసేవాళ్లని ప్రతి ఏడాదీ చూస్తున్నా. చాలాసార్లు బండిలో ఏ రిపేరూ ఉండదు. చలికి పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, చుక్కలు చుక్కలుగా లోపలి గోడలకే అంటుకుంటుంది కాబట్టి స్పార్క్ ప్లగ్ దగ్గరికి చేరేది పెట్రోల్ తక్కువున్న పల్చటి మిక్చరే, పైగా 20డబ్ల్యూ50 ఇంజన్ ఆయిల్ చిక్కబడి ఇంజన్ బరువుగా తిరుగుతుంది, బ్యాటరీ కూడా నీరసంగా ఉంటుంది. అందుకే బలం కన్నా వరస ముఖ్యం.

ముందు పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 సంగతి. పెట్రోల్ ట్యాప్ తిప్పి ఒక నిమిషం ఆగండి, కార్బొరేటర్ కింద గిన్నె నిండాలి కదా. తర్వాత క్లచ్ పట్టుకుని నాలుగైదు సార్లు కిక్ తొక్కండి, రాత్రంతా అతుక్కున్న క్లచ్ ప్లేట్లు విడిపోతాయి, ఇది చెయ్యకపోతే మొదటి గేర్ వెయ్యగానే బండి ఎగిరి ముందుకు దూకుతుంది. ఇప్పుడు చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచేది) వేసి, తాళం ఆఫ్‌లోనే ఉంచి, డీకంప్రెసర్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడి బయటికి వదిలేది) పట్టుకుని మూడు నాలుగు సార్లు మెల్లగా కిక్ తొక్కితే పెట్రోల్ లోపలికి లాక్కుంటుంది, ఆయిల్ కూడా కాస్త కదులుతుంది.

అసలు కీలకం ఇక్కడ్నుంచి. తాళం ఆన్ చేసి, కిక్‌ని కాలితో మెల్లగా నొక్కుతూ కరెంట్ చూపించే ఆంప్‌మీటర్ ముల్లు చూడండి. పాయింట్లు (ప్లగ్‌కి నిప్పురవ్వ అందించడానికి తెరుచుకుని మూసుకునే స్విచ్ లాంటివి) మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలుతుంది, ఇంకొంచెం నొక్కితే కాలికి గట్టిగా తగులుతుంది, ముల్లు మళ్లీ మధ్యకి వస్తుంది. అక్కడ ఆపి, డీకంప్ పట్టుకుని కిక్‌ని ఇంకో అంగుళం కిందకి జరిపి, డీకంప్ వదిలేసి, కిక్‌ని పూర్తిగా పైకి రానివ్వండి. ఇప్పుడు రేస్ అస్సలు ముట్టుకోకుండా ఒకే ఒక్క నిండు కిక్, మధ్యలో ఆపకుండా కింద దాకా. సగంలో ఆపితేనే రివర్స్ తన్నేది, చీలమండ బెణికేది, కాబట్టి చెప్పులతో మాత్రం కొట్టొద్దు, బూట్లు వేసుకోండి.

అసలు ముల్లే కదలకపోతే కిక్ కొట్టడం దండగ, బ్యాటరీ అయినా దిగిపోయి ఉంటుంది, పాయింట్లయినా మాడి ఉంటాయి. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఇంకోటి, తాళం ఆన్‌లో వదిలేసి టీ తాగడానికి వెళ్లొద్దు, పాయింట్లు మూసుకున్న చోట ఇంజన్ ఆగి ఉంటే కాయిల్ వేడెక్కిపోతుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంది. వాల్వులని కదిపే ట్యాపెట్లు టైటుగా ఉన్నా చలికి స్టార్ట్ అవ్వదు, వాల్వులు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ లీకవుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి, పుష్‌రాడ్ (ట్యాపెట్ నుంచి పైకి వెళ్లే సన్నటి కడ్డీ) వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు.

ఆర్‌ఎక్స్ 100 ఇంత బతిమాలించుకోదు. చోక్ వేసి, తాళం ఆఫ్‌లో రెండు కిక్కులు, ఆన్ చేసి రేస్ ఇవ్వకుండా ఇంకో రెండు మూడు, అంతే. కానీ ఇంజన్ అందుకోగానే చోక్ తీసెయ్యాలి, అర నిమిషం దాటితే ప్లగ్ తడిసిపోతుంది. పొద్దున తెల్ల పొగ వస్తే కంగారు పడొద్దు, టూ స్ట్రోక్‌కి అది మామూలే. చల్లటి ఇంజన్‌ని గుర్రుమనిపించడం మాత్రం దయచేసి చెయ్యకండి, అల్యూమినియం పిస్టన్ తన చుట్టూ ఉన్న సిలిండర్ బోర్ కన్నా ముందు వ్యాకోచిస్తుంది, ఎక్కడో హైవే మీద జామ్ అయ్యి వెనక చక్రం బిగుసుకుంటే ప్రాణాల మీదకి వస్తుంది.

పాత యెజ్డీలకి కార్బొరేటర్ మీద చిన్న బటన్ ఉంటుంది, పెట్రోల్ తొణికే దాకా నొక్కి వదిలితే అదే చోక్ పని చేస్తుంది.

ఏ బండైనా పెట్రోల్ వాసన గుప్పుమంటే ఎక్కువైందని అర్థం. చోక్ తీసేసి, తాళం ఆఫ్ చేసి, రేస్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఆరు కిక్కులు కొట్టండి, తర్వాత మామూలుగా ట్రై చెయ్యండి. అప్పటికీ కాకపోతే ప్లగ్ విప్పి తుడిచి ఆరబెట్టండి. జేబులో ఇంకో ప్లగ్, ప్లగ్ స్పానర్ ఉంటే సగం బాధ తప్పుతుంది. ప్లగ్ క్యాప్ మీద మంచు పడితే పొడి గుడ్డతో తుడవండి. రాత్రి కప్పేది కూడా పాత దుప్పటో గోనెపట్టానో అయితే మేలు, ప్లాస్టిక్ కవర్ కింద చెమ్మ పడుతుంది.

వారం పైన బండి తీయకపోతే కార్బొరేటర్ గిన్నెలో పాత పెట్రోల్ వంపేసి కొత్తది దిగనివ్వండి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది దాదాపు అంతా ఇథనాల్ కలిసిందే, అది తేమ పీల్చుకుంటుంది. స్టార్ట్ అయ్యాక ఒక నిమిషం బయటే స్లోలో తిరగనివ్వండి, తలుపులేసిన గదిలో మాత్రం వద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. బుల్లెట్ చోక్ కొంచెం కొంచెంగా తీస్తూ, తీసినా స్లో ఆగకుండా నిలబడితే అప్పుడు బయల్దేరండి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు మాత్రం మెల్లగానే పోనివ్వండి.