మీ వీధికి చిన్న పని మంజూరు కావాలంటే ప్రతిపాదన ఎలా ఉండాలి

నగర బడ్జెట్‌లో కొంత సొమ్ము పక్కన పెట్టి, దాన్ని ఎక్కడ, దేనికి వాడాలో జనాన్నే తేల్చమనే పద్ధతి 1989లో బ్రెజిల్ నగరం పోర్టో అలెగ్రేలో మొదలై చాలా దేశాలకు పాకింది. చిన్న వీధి పనులకు వరస దాదాపు ఒక్కటే. జనం ప్రతిపాదనలు ఇస్తారు, ఇంజినీర్లు వడపోసి అంచనా వేస్తారు, మిగిలినవాటికి ఓటింగ్ పెడతారు. మంచి ఆలోచనలు కూడా వడపోతలోనే రాలిపోతుంటాయి. అందుకే శ్రమంతా ముందే పడాలి.

"మా రోడ్డు బాగు చేయండి" అని రాస్తే ఇంజినీరు చేయగలిగింది ఏమీ లేదు. ఏ మలుపు, రోడ్డుకు ఏ వైపు, ఏ ఇంటి నంబరు ఎదురుగా అన్నది రాయండి. ఒక కాగితానికి ఒకే చోటు. గుంతలు, వెలగని దీపాలు రోజువారీ మరమ్మతు కిందికి వస్తాయి. వాటికి ఫిర్యాదు చాలు. ఆ రోడ్డు నగరపాలక సంస్థదేనా, వేరే శాఖదా అన్నది కూడా ముందే కనుక్కోండి.

తర్వాత టేపు పట్టుకుని ఇద్దరు వెళ్లండి. రోడ్డు వెడల్పు కొలవండి. మామూలు నడకకు సెకనుకు 1.2 మీటర్లు లెక్క వేస్తారు, వృద్ధులకు 0.9 వేసుకోండి. 12 మీటర్ల రోడ్డు దాటడానికి ఒకరికి 10 సెకన్లు, మరొకరికి 13కు పైనే పడుతుంది. బడి వదిలే వేళ వాహనానికీ వాహనానికీ మధ్య అంత ఖాళీ దొరుకుతోందా అని ఫోన్‌లో గడియారం పెట్టి చూడండి. దాటేవాళ్లను మనిషికో గీత గీస్తూ, ప్రతి 15 నిమిషాలకు విడిగా లెక్కపెట్టండి.

ఫొటో తీసేటప్పుడు ఫోన్‌ను నేల నుంచి మీటరు ఎత్తున పట్టుకోండి. పిల్లల కళ్లు ఉండేది దాదాపు ఆ ఎత్తులోనే. దాటే చోటు పక్కనే ఆగిన కారు ఉంటే ఫొటోలో దాని తలుపు తప్ప ఏమీ కనిపించదు. డ్రైవరుకూ ఆ బిడ్డ కనిపించదు. దాటే చోటికి ముందు 6 మీటర్ల మేర బండ్లు ఆపకుండా రంగు గీతలు, చిన్న స్తంభాలు పెడితే చాలాచోట్ల చూపు తెరుచుకుంటుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పని అరుదు.

అందరూ అడిగేది స్పీడ్ బ్రేకర్. అంబులెన్సు, బస్సు దారుల్లో దాన్ని తరచూ తోసిపుచ్చుతారు. పొట్టిగా, నిటారుగా కట్టింది నడుములు విరగ్గొడుతుంది. గుండ్రంగా ఉండే సరైన హంపు ఎత్తు సుమారు 10 సెంటీమీటర్లు, బండి వెళ్లే దిశలో పొడవు 3.7 మీటర్లు. అది కూడా పెద్ద వీధిలో ఒక్కటే ఉంటే, దాటగానే బండ్లు మళ్లీ వేగం అందుకుంటాయి. కాబట్టి "ఇక్కడ వేగం తగ్గాలి" అని సమస్య రాసి, పరిష్కారం ఇంజినీరుకు వదిలేయండి.

ఖర్చు పెరిగేది ఎక్కువగా నేల కింద. మలుపులో ఫుట్‌పాత్‌ను ముందుకు జరపాలంటే అక్కడి వాననీటి జాలీ, దాని పైపు కూడా జరగాల్సి రావచ్చు. అంచనా ఒక్కసారిగా ఎగబాకుతుంది. జాలీలు, మ్యాన్‌హోల్ మూతలు, స్తంభాలు, చెట్లు మీ గీతపటంలో తప్పక చూపండి. చక్రాల కుర్చీ ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే 15 సెంటీమీటర్ల గట్టుకు 1.8 మీటర్ల పొడవు. ఫుట్‌పాత్ ఇరుకైతే మలుపు దగ్గర ఫుట్‌పాత్ మొత్తాన్ని కిందికి దించమని అడగండి. ర్యాంపు రెండు వైపులా రాయడం మరవద్దు. ఒక వైపే కడితే కుర్చీలో వచ్చిన మనిషి రోడ్డు దాటాక బండ్ల మధ్య చిక్కుకుపోతారు.

పని ఎవరి గుమ్మం ముందు వస్తుందో వాళ్లతో ఓటింగ్‌కు ముందే మాట్లాడండి. బండి ఆపుకునే చోటు పోతుందని చివర్లో తెలిసిన దుకాణదారు గట్టిగా అడ్డుపడతాడు. ముందే అడిగితే, సరుకు దించుకునే చోటు ఎక్కడుండాలో తనే చెబుతాడు.

మంజూరయ్యాక తుది డ్రాయింగు అడిగి తీసుకుని, మీ కొలతలతో పోల్చండి. కాంక్రీటు ఆరాక ర్యాంపు పైనుంచి బకెట్టు నీళ్లు పోయండి. నీళ్లు అడుగున మడుగు కట్టకుండా జాలీలోకి పోవాలి. నిలిస్తే ఫొటో తీసి, గుత్తేదారు తుది బిల్లు పాసయ్యేలోపే ఇంజినీరుకు పంపండి.