మేడారం పోయే డయాలసిస్ వాళ్లు జెర చూస్కోండి

జాతర దగ్గరపడితే మా వరంగల్ దిక్కు ఎవ్వర్నీ ఇంట్ల కూసోబెట్టలేం, డయాలసిస్ చేయించుకునేటోళ్లు గూడ అమ్మల దగ్గరికి పోవాలనే అంటరు. పోవద్దంటలేను, ముందుగాల మీ నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీ డాక్టర్‌ను అడగండి. డయాలసిస్ అయిన తెల్లారి బయల్దేరి మళ్ల టైముకు సెంటర్ల ఉండేటట్టు చూస్కోండి. బుధవారం నుంచి శనివారం దాంక తాడ్వాయి రోడ్డు జామ్ అయితే ఎన్ని గంటలు బండ్లనే ఉంటరో చెప్పలేం, అందుకే జాతరకు ముందే పోయి మొక్కు అప్పజెప్పి వచ్చుడు మేలు, చానామంది గట్లనే చేస్తున్నరు.

మెడ కాడ పర్మ్‌క్యాత్, అంటే డయాలసిస్ కోసం పెట్టిన పైపు ఉన్నోళ్లు జంపన్న వాగుల మునుగుడు అస్సలు వద్దు. ఆ పైపు కొస గుండె దాంక పోయి ఉంటది, డ్రెస్సింగ్ తడిసి క్రిములు పోయినయంటే సీదా రక్తంలనే. కాళ్లు కడుక్కోండి చాలు, అమ్మలేం అనుకోరు. ఎరుపు, నీలం క్లాంపులు మూసి ఉన్నయా, క్యాపులు గట్టిగున్నయా చూసి బయల్దేరండి. తోపులాటల పైపు బయటికి జారితే మళ్ల లోపలికి నూకొద్దు, పండుకోబెట్టి ఆ చోట ఒత్తి పట్టి 108కి కొట్టండి. కడుపుల పైపుతోని సీఏపీడీ, అంటే బ్యాగుల నీళ్లు కడుపులకు ఎక్కించుకుని సొంతంగ డయాలసిస్ చేస్కునేటోళ్లకు గూడ వాగు వద్దు, దుమ్ముల, గుడారంల బ్యాగు మార్చుడు అంతకన్న వద్దు.

ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం చేతిల రక్తనాళాలు కలిపి కుట్టింది ఉన్నోళ్లు పొద్దున, మాపు ఆ చోట వేళ్లు పెట్టి చూడాలె, లోపల జివ్వుమనాలె. అది ఆగిందంటే కాపడం పెట్టుకుంట కూసోకుండ అదే రోజు హాస్పిటల్‌కు పోవాలె, లేటైతే ఫిస్టులా పోయినట్టే. ఆ చేతికి బిగుతు గాజులు, వాచీ వద్దు, సంచి తగిలియ్యొద్దు, మనుమణ్ణి ఎత్తుకునుడు వద్దు, గద్దెల కాడ జనం ఒత్తుకొస్తరు కాబట్టి ఆ పక్కకు ఇంటోళ్లను నిలబెట్టుకోండి. మెడికల్ క్యాంపుల బీపీ చూస్తమన్నా సూది ఏస్తమన్నా ముందే డయాలసిస్ అని చెప్పి ఇంకో చెయ్యి ఇయ్యండి. సూది గుచ్చిన కాడ రక్తం కారితే తువ్వాల చుట్టుడు కాదు, సరిగ్గ ఆ చోటనే వేలుతో ఒత్తి చెయ్యి పైకెత్తాలె, ఆగకపోతే 108.

బంగారం (మొక్కు బెల్లం) అమ్మలకే, మీకు నాలిక మీద చిటికెడు చాలు, బెల్లంల, కొబ్బరిల పొటాషియం ఉంటది. దాహమైతే గుక్కెడు గుక్కెడు తాగండి, డాక్టర్ చెప్పిన లెక్క దాటొద్దు.

వచ్చినంక చలి పెట్టి జ్వరమొస్తే, పైపు కాడ చీము, ఎరుపు కనవడితే జాతరల తిరిగిన అలుపు అని గోలీ ఏస్కోని పండుకోవద్దు, ఆ రాత్రే సెంటర్‌కు ఫోన్ చెయ్యండి.