మంచు పడుతుండగా చలి తగ్గిందా? ఆగిపోండి

డిసెంబరు వచ్చిందంటే మా హన్మకొండ పిల్లలు కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఢిల్లీ మీదుగా మనాలి పోతుంటారు. ఆర్మీలో కశ్మీర్ వైపు పనిచేశానని కొందరు ముందుగా నా దగ్గరికి వస్తారు. అందరూ జాకెట్ గురించే అడుగుతారు. నేను అవలాంచ్ గురించి, అంటే కొండ వాలు మీది మంచు చరియ ఒక్కసారిగా జారిపడటం గురించి చెప్తాను.

మంచు పడేటప్పుడు చలి ముదిరితే నాకంత టెన్షన్ ఉండదు, ఉన్నట్టుండి తగ్గితేనే భయం. తుఫాను మొదట్లో పడే మంచు పొడిగా, తేలిగ్గా ఉంటుంది. గాలి వెచ్చబడ్డాక తడి మంచు, ఒక్కోసారి వానే దాని మీద పడుతుంది. ఊక మీద తడిసిన వడ్ల బస్తాలు పేర్చినట్టే, కింద పట్టుండదు, పైన బరువు పెరుగుతుంటుంది. బూట్లకు మంచు ముద్దలుగా అంటుకుంటుందా, వాలు మీద ఉండలు దొర్లుతున్నాయా చూడండి. అడుగేస్తే మంచు పగులు ముందుకు పాకినా, కింద ‘ధబ్’మని కుంగిన చప్పుడొచ్చినా ఇక గైడ్‌తో వాదన పెట్టుకోకండి, వెనక్కి తిరగండి.

వాలు కొలవడం ఇక్కడే నేర్చుకోవచ్చు. ఫోన్‌లో కోణం కొలిచే యాప్ వేసుకుని పద్మాక్షి గుట్ట దగ్గరికి పోండి. ముందు కంటితో అంచనా వేసి, తర్వాత కొలవండి. చాలామంది అంచనా తప్పుతుంది. మంచు చరియలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. మీ కాళ్ల కింద చదునుగా ఉంటే సరిపోదు, తలపైన ఏముందో చూడాలి. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గర మాణాలో చరియ పడింది సరిహద్దు రోడ్లు వేసే బీఆర్‌ఓ కార్మికుల క్యాంపు మీద. 8 మంది పోయారు. వాళ్లేమీ కొండ ఎక్కుతూ లేరు.

చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ఇచ్చే అవలాంచ్ హెచ్చరిక రోజూ చూడండి. 5 స్థాయిల్లో 3 అంటే మధ్యలోదే కదా అనుకుంటారు, కానీ మనిషి బరువుకే చరియ కదిలే స్థాయి అది.

వాలు దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటండి. ప్రతి ఒక్కరి దగ్గరా ట్రాన్స్‌సీవర్ (పూడుకుపోయినవాళ్ల జాడ సిగ్నల్‌తో చెప్పే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి. పూడుకుపోయినవాళ్లను 10, 15 నిమిషాల్లోపు తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ, అంతలో బయటి సాయం చేరదు.

అన్నట్టు, రిటర్న్ టికెట్ అనుకున్నదానికంటే రెండు రోజులు ఆలస్యంగా ఉండేట్టు బుక్ చేసుకోండి. రైలు పోతుందనే తొందరలోనే చాలామంది తుఫాను ఆగకముందే బయల్దేరుతారు.