కుందేలు పిల్లల దాణాలో సోయా చెక్క బదులు ఏం వేయాలి, ఎలా కలపాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి సోయా మన పంట కాదు. చెక్క బయట నుంచి రావాలి, ఆ కిరాయి కూడా మన నెత్తినే. వేరుశనగ, నువ్వులు, ఉలవలు మాత్రం ఇక్కడే పండుతాయి. అవిసె చెట్టయితే పెరట్లోనే ఉంటుంది. తల్లి దగ్గర నుంచి వేరు చేసిన పిల్లలకి, అంటే 5 నుంచి 12 వారాల వయసువాటికి, వీటితోనే దాణా చేసుకోవచ్చు.

అలాగని సోయా తీసేసి అంతే బరువు వేరుశనగ చెక్క పోస్తే కుదరదు. కాగితం మీద మాంసకృత్తుల శాతం సరిపోయినట్టే ఉంటుంది గానీ, వేరుశనగలోనూ నువ్వుల్లోనూ లైసిన్ తక్కువ (లైసిన్, మెథియోనిన్ అనేవి మాంసకృత్తుల్లోని భాగాలు, అమైనో ఆమ్లాలు). పిల్ల తింటుంది, కండ పట్టదు. ఆ లోటు ఉలవలు, ఆకు తీరుస్తాయి. ఉలవల్లో కొరవడే మెథియోనిన్ నువ్వుల చెక్క ఇస్తుంది. అందుకే నాలుగూ కలవాలి.

1. సరుకు సిద్ధం చేయడం

అవిసె ఆకు (లేదా మునగాకు) ఈనెలు తీసి నీడలో పలచగా పరవండి. పిడికిట్లో నలిపితే గలగలమని పొడి కావాలి. సుమారు 5 కిలోల పచ్చాకు ఎండితే కిలో వస్తుంది. ఎండలో వేస్తే పచ్చరంగు పోతుంది, దాంతో పాటు విటమిన్ ఎ కూడా.

ఉలవలు పచ్చివి వేయకూడదు. మాంసకృత్తుల అరుగుదలని అడ్డుకునే పదార్థం వాటిలో ఉంటుంది, వేడి తగిలితే తగ్గుతుంది. కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి మరపట్టించండి.

వేరుశనగ చెక్క దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ముక్క విరిచి లోపల చూడండి. పచ్చగానో నల్లగానో బూజు చారలుంటే, ముక్కవాసన వస్తే వదిలేయండి. అఫ్లాటాక్సిన్ విషాన్ని కుందేలు అసలు తట్టుకోలేదు. ఎండబెడితే బూజు రాలుతుంది గానీ విషం పోదు. వానాకాలంలో నెలకి సరిపడానే కొని, బస్తా నేలకి, గోడకి తగలకుండా కొయ్య బల్లల మీద పెట్టండి.

2. పది కిలోల పాళ్లు

మొక్కజొన్న నూక 2.2 కిలోలు
గోధుమ తవుడు 2 కిలోలు
ఎండు వేరుశనగ కట్టె పొడి 2.5 కిలోలు
అవిసె ఆకు పొడి 1 కిలో
వేరుశనగ చెక్క 800 గ్రాములు
నువ్వుల చెక్క 800 గ్రాములు
వేయించిన ఉలవ పిండి 500 గ్రాములు
ఖనిజ లవణ మిశ్రమం 150 గ్రాములు, ఉప్పు 50 గ్రాములు

ఒక్కోదాని బరువుని అందులోని మాంసకృత్తుల శాతంతో హెచ్చించి కూడితే ఇది 17 శాతానికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఎదిగే పిల్లకి 16 చాలు. కాయ దులిపాక మిగిలిన కట్టెని ఇంత ఎందుకు వేయాలని అనిపిస్తుంది. పీచు తగ్గితే పేగు కదలిక మందగిస్తుంది, పిల్ల పొట్ట ఉబ్బి పారుకుని చస్తుంది. తల్లి నుంచి విడిపోయిన మొదటి రెండు వారాల్లో పిల్లలు పోవడానికి ఇదీ ఒక ముఖ్య కారణం. చెక్క తగ్గినా ఫరవాలేదు, కట్టె తగ్గించకండి.

ఉప్పు, ఖనిజాలు ముందు గుప్పెడు తవుడులో కలిపి, ఆ తవుడుని మొత్తంలో కలపండి. నేరుగా చల్లితే ఒకచోట ముద్దకట్టి కూర్చుంటాయి.

3. పెట్టడం

పొడిగా పెడితే ముక్కుకెక్కి తుమ్ముతాయి, కాలితో గీరి సగం పారబోస్తాయి. బెల్లం నీళ్లు చిలకరించి, పిడికిట్లో పడితే ముద్ద నిలిచేంత తడి చేయండి. మన ఉక్కకి రెండు మూడు గంటల్లో పులుస్తుంది కాబట్టి మిగిలింది ఎత్తేయాలి. రోజుకి పిల్లకి 5వ వారంలో 40-50 గ్రాములు, 8వ వారానికి 70-80, 12వ వారానికి 100. పచ్చగడ్డి, ఎండుగడ్డి విడిగా. కుందేలు రాత్రి తినే జీవి, పైగా వేసవి పగళ్లలో మేత ముట్టదు. రోజు వంతులో ఎక్కువ భాగం చీకటి పడ్డాకే వేయండి. నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

పాత దాణా నుంచి మార్చేటప్పుడు మొదటి మూడు రోజులు పావువంతు, తర్వాత మూడు రోజులు సగం, ఆపై మూడు రోజులు ముప్పావు. పదో రోజుకి పూర్తిగా కొత్తది.

4. గమనించాల్సినవి

పొద్దున్నే బోను కింద చూడండి. గట్టి గుండ్రటి పెంటికలు మామూలే. చిన్న ద్రాక్షగుత్తిలా జిగటగా, నల్లగా మెరిసే మెత్తటివి వలకి అంటుకుని ఉంటే లెక్క తప్పినట్టే. వాటిని కుందేలు తన మలద్వారం దగ్గరే నోటితో అందుకుని తినేస్తుంది. అవి మిగిలాయంటే దాణాలో మాంసకృత్తులో పిండిపదార్థమో ఎక్కువైంది. అమ్మోనియా ఘాటు కూడా తోడైతే చెక్కలు రెండూ కలిపి 300 గ్రాములు తగ్గించి, ఆ మేరకు కట్టె పొడి పెంచండి.

వారానికోసారి ఒకే వేళకి తూచండి. రోజుకి సగటున 20 గ్రాముల పైన పెరుగుతుంటే ఈ పాళ్లు పని చేస్తున్నట్టే.

సుబాబుల్ ఆకు దొరికినా మొత్తం మేతలో పదో వంతు దాటనివ్వకండి, అందులోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల బొచ్చు రాలుతుంది. పత్తి గింజల చెక్క, యూరియా వద్దు. ఆముదం చెక్క అయితే ప్రాణాంతకమే. కొట్లలో అది ఎరువుగా ఈ చెక్కల పక్కనే ఉంటుంది కాబట్టి బస్తా విప్పి చూశాకే డబ్బు ఇవ్వండి.