నడిచి చదివే నగరం – 3వ పాఠం: గైడ్ మాటకు మూడు గళ్లు

గత పాఠంలో ఇచ్చిన పనితో మొదలుపెడదాం. హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న నీటి ఫౌంటెన్ గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి, చుట్టూ ఉన్న నాలుగు కమాన్లనూ దిక్కులతో సహా గీసుకురమ్మన్నాను. మీ బొమ్మలో దక్షిణాన చార్మినార్ కమాన్, ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్ ఉంటే మీకు దిక్కులు పట్టుబడినట్టే. పడమటి కమాన్ దాటి వెళ్తే ఒకప్పుడు గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల మహళ్లు ఉండేవి. ఆ మహళ్లు పోయాయి, వాటి వాకిలి మాత్రం మిగిలింది. ఈసారి అటు వెళ్లినప్పుడు దాన్ని రోడ్డుకు అడ్డంగా ఉన్న కమానులా కాక, ఇల్లు పోయాక మిగిలిన గుమ్మంలా చూడండి.

మొదటి పాఠంలో చెప్పులు, నీళ్ల సీసా, బయల్దేరే వేళ సంగతి చూశాం. రెండోదాంట్లో దిక్కులు. ఈసారి చెవికి పని.

పాతబస్తీలో గైడ్ వెంట రెండు గంటలు నడిస్తే ఎన్నో పేర్లు, ఏళ్లు, కథలు చెవిన పడతాయి. ఇంటికొచ్చేసరికి అన్నీ ఒకే ముద్ద అయిపోతాయి. చార్మినార్‌ను 1591లో కట్టారన్న మాటా, దాని కింద నుంచి గోల్కొండకు సొరంగం ఉందన్న మాటా బుర్రలో పక్కపక్కన సమానంగా కూర్చుంటాయి. రెండూ వినాల్సినవే. కానీ రెండూ ఒక జాతి మాటలు కావు. ఆ తేడా నిలబడ్డ చోటే, విన్న క్షణంలోనే పట్టుకోవడం ఈ పాఠంలో నేర్చుకుంటాం.

నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి నిలువుగా రెండు గీతలు గీయండి. మూడు గళ్లు వస్తాయి. మొదటిదాని మీద ‘కన్ను’ అని రాయండి, రెండోదాని మీద ‘రాత’, మూడోదాని మీద ‘నోటిమాట’. గైడ్ చెప్పినదాన్ని అక్కడికక్కడే గోడ మీదో నేల మీదో చూసి పోల్చుకోగలిగితే అది కన్ను. ఆ కాలంవాళ్లు రాసిపెట్టారనో, శాసనం ఉందనో, సర్కారీ దస్త్రంలో ఉందనో తెలిస్తే రాత. జనం చెప్పుకుంటారన్నది నోటిమాట. మూడో గడి చెత్తబుట్ట కాదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఒక ఊరు తన గురించి తాను ఏం అనుకుంటోందో తెలిసేది ఆ గడిలోనే.

కన్నుతో మొదలు

కన్నుకు పదును పెట్టడానికి బాద్షాహీ అషూర్‌ఖానా కంటే మంచి చోటు నాకు తెలీదు. మదీనా కూడలి దగ్గర, పత్తర్‌గట్టీ దారికి దగ్గర్లోనే ఉంటుంది. చార్మినార్ కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే, అది లేచిన కొన్నేళ్లకే దీన్నీ కట్టించాడు. మొహర్రంలో ఇక్కడ అలాలు నిలుపుతారు. మన ఊళ్లలో పీర్ల పండుగ చూసినవాళ్లకు అలం అంటే వేరే చెప్పనక్కర్లేదు, మనం పీరు అని పిలిచేది దాన్నే. ఇది సంతాపం పాటించే చోటు. చెప్పులు బయట విడవండి, గొంతు తగ్గించండి, ఫొటోకి ముందు అక్కడివాళ్లను అడగండి.

లోపల గోడల నిండా రంగురంగుల పింగాణీ పలకల పని. పసుపు, నీలం కలిసి మెరుస్తుంటాయి. పలకలతోనే పెద్ద అలం ఆకారాలు కూర్చారు. గైడ్ నోరు విప్పేలోపు ఒక్క నిమిషం మీ అంతట మీరే చూడండి. ఇది ఈ నడకలన్నిటికీ వర్తించే నియమం: ముందు కన్ను, తర్వాత చెవి. మాట ముందు వింటే కన్ను ఆ మాట చూపించిందే చూస్తుంది.

ఆ నిమిషంలో పైనుంచి కిందికి నెమ్మదిగా చూపు దించండి. పైన పలకల మీద వెలుగు పడి తళుక్కుమంటుంది. కిందికి వచ్చేసరికి కొన్నిచోట్ల అదే నమూనా ఉంటుంది, మెరుపు మాత్రం ఉండదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసినప్పుడు ఇక్కడిదాకా నీళ్లొచ్చాయి. కింది భాగంలో పలకలు పాడయ్యాయి. తర్వాత ఆ చోట పలకలకు బదులు రంగులతో నమూనా నింపారు. మెరుపు ఆగి రంగు మొదలయ్యే ఆ గీతను మీ అంతట మీరు కనిపెట్టారంటే, ఒక వరదను గోడ మీద చదివారన్నమాట. నేను మొదటిసారి అక్కడ నిలబడినప్పుడు గైడ్ చెప్పేదాకా నాకది కనబడలేదు. తెలిశాక చాలాసేపు అక్కడి నుంచి కదలాలనిపించలేదు. నది అక్కడికి ఎంత దూరమో, నీళ్లు ఎంత ఎత్తుకు లేచాయో ఆ గోడ దగ్గర నిలబడితేనే ఒంటికి తెలుస్తుంది.

గడిలో ఇలా రాయండి: కన్ను – కింద మెరుపు లేదు, రంగు ఉంది. రాత – 1908 వరద. రెండు గళ్లూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయి. ఇంతకంటే గట్టి మాట నడకలో దొరకదు.

చార్మినార్ కింద మూడు గళ్లూ

పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరస, మచ్లీ కమాన్, గుల్జార్ హౌజ్ దాటి చార్మినార్ చేరతాం. గైడ్లు ఎక్కువ కథలు చెప్పేది ఇక్కడే. మీ పెన్సిల్‌కూ ఇక్కడే పని ఎక్కువ.

సులువైన దానితో మొదలుపెడదాం. నాలుగు వైపులా గడియారాలు ఉన్నాయి. కంటికి కనబడతాయి కదా అని ‘1591 నాటి కట్టడంలో గడియారాలు’ అని రాసేసుకోకండి. వాటిని పెట్టింది 1889లో, నిజాంల కాలంలో. ఒక కట్టడంలో అన్నీ ఒకే రోజున పుట్టవు. కాబట్టి ‘కన్ను’ గడిలో ఏది రాసినా పక్కన ‘ఎప్పటిది?’ అని చిన్న ప్రశ్న వేసుకోండి.

తర్వాత గచ్చు, అంటే సున్నపు పూత. మినార్ల మీది పువ్వులు, తీగలు చెక్కిన రాయి అనుకుంటారు చాలామంది. లోపల నల్లరాయి, సున్నం కట్టుబడి. పైన కనబడే నగిషీ అంతా గచ్చుపని. 2019 మే నెలలో ఒక మినార్ నుంచి గచ్చు పెచ్చు ఊడిపడినప్పుడు ఆ సంగతి ఊరంతటికీ తెలిసొచ్చింది. మీ అమ్మమ్మగారి ఊళ్లో గానుగ సున్నంతో కట్టిన పాత ఇల్లుంటే ఈ పని మీకు కొత్త కాదు. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ కలిపేవారని పెద్దలు చెబుతారు కదా. చూసింది, విన్నది కలిపి ఇక్కడికి తెచ్చుకోండి.

ఇక అసలు చిక్కు: చార్మినార్ ఎందుకు కట్టారు? ఊళ్లో మహమ్మారి తగ్గినందుకు మొక్కుబడిగా కట్టారని ఎక్కువమంది గైడ్లు చెబుతారు. ఇస్లామీ కాలగణన అయిన హిజ్రీలో వెయ్యో సంవత్సరానికి గుర్తుగా కట్టారని మరికొందరు. ఈ రెండో మాటకు చరిత్ర పుస్తకాలు చూపించే ఆధారం ఒకటుంది, చార్మినార్ కట్టిన ఏడును అక్షరాల్లో దాచిన ‘యా హాఫిజ్’ అనే రెండు పదాలు. ‘ఓ రక్షకుడా’ అని అర్థం. అరబ్బీ అక్షరాలకు అంకెల విలువలుంటాయి. యే 10, అలిఫ్ 1, కలిపి 11. హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900, కలిపి 989. మొత్తం సరిగ్గా 1000. హిజ్రీ 1000 అంటే 1591 అక్టోబరు నుంచి 1592 అక్టోబరు దాకా.

మనకిది వింత కాకూడదు. మన శాసనాల్లోనూ శక సంవత్సరాన్ని మాటల్లో దాచేవారు. వేదమంటే 4, బాణమంటే 5, రసమంటే 6, కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి. అక్కడ అక్షరానికి అంకె, ఇక్కడ పదానికి అంకె. పద్ధతి వేరైనా సరదా ఒకటే.

గమనించారా, ఆ రెండు పదాల్లో రెండు వాదాలకూ చోటుంది. కూడితే వెయ్యి వస్తుంది. అర్థం చూస్తే కాపాడినవాడిని తలచుకోవడం. అందుకే నా పేజీలో ‘1000’ రాత గడిలో ఉంది, మహమ్మారి నోటిమాట గడిలో ఉంది, రెండిటి మధ్య ఒక చిన్న బాణం గుర్తు. మీ బాణం ఎటు వెళ్తుందో మీరే తేల్చుకోండి.

భాగమతి కథ కూడా ఇక్కడే వస్తుంది. కులీ కుతుబ్‌షా ప్రేమించిన భాగమతి పేరుతో ఊరు భాగ్యనగరం అయిందంటారు. ఇది పూర్తిగా నోటిమాట అని తోసేయలేం, ఆ కాలపు చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. అలాగని తేలిపోయిన సంగతీ కాదు. ఫ్రెంచి నగల వ్యాపారి తావెర్నియే ఈ ఊరి పేరుకు ‘నగర్ తోట’ అని అర్థం చెప్పాడు, బాగ్ అంటే తోట, నగర్ అన్నది రాజు భార్య పేరట. హెచ్.కె. షేర్వాణీ లాంటి చరిత్రకారులు భాగమతి కథను ఒప్పుకోలేదు. ఇలాంటి మాటను రాత గడిలో రాసి పక్కన ‘తగువు ఉంది’ అని పెట్టండి. రాసి ఉన్నంత మాత్రాన అంతా ఒక్కటే చెప్పదు. గోల్కొండ సొరంగం మాత్రం సందేహం లేకుండా మూడో గడిలోకే.

అడిగే తీరు

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక నడకలో పెద్దాయన ఒకాయన సొరంగం కథ చెబుతుంటే, అందరి ముందూ మధ్యలో ఆపి ‘ఇది నిజమేనా?’ అని అడిగాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత మిగతా దారంతా తారీఖులే చెప్పారు, కథ ఒక్కటీ చెప్పలేదు. నా ఒక్కడి తొందర వల్ల పదిహేను మందికి ఆయన కథలు అందకుండా పోయాయి. అది ఇప్పటికీ బాధే.

కాబట్టి కథ సాగుతున్నప్పుడు అడ్డుపడకండి. ఒక చోటు నుంచి ఇంకో చోటికి నడిచేటప్పుడు పక్కకు చేరి, ‘అన్నా, ఇది మీరు ఎక్కడ చదివారు? పెద్దవాళ్ల దగ్గర విన్నారా?’ అని అడగండి. వయసులో పెద్దవారైతే ‘సార్’ అనో ‘సాబ్’ అనో అనండి. ఆ ప్రశ్నలో ఆయన్ను తప్పుపట్టడం లేదు. జవాబును బట్టి గడి దానంతట అదే తేలుతుంది. ‘మా నాన్న చెప్పేవాడు’ అన్నారనుకోండి, మూడో గడిలో అంత విలువైన మాట ఇంకోటి ఉండదు. ఆయన్నే ఆధారంగా రాసుకోండి.

మక్కా మసీదు, త్వరగా

లాడ్ బజార్ లక్కగాజుల కోసం వేరే పాఠం పెట్టుకుందాం, దానికి ఒక పూట కావాలి. నేరుగా మక్కా మసీదుకు రండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ కాకుండా చూసుకోండి. ఒళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

1617లో మహమ్మద్ కుతుబ్‌షా పని మొదలుపెట్టించాడు. గోల్కొండ 1687లో మొఘలుల చేతికి పోయింది. పని ముగిసింది ఔరంగజేబు కాలంలో, 1694లో. మొదలుపెట్టినవాళ్ల వంశం ముగిసిపోయినా పని ముగియలేదన్నమాట. ఆవరణలో నిజాంల సమాధులున్నాయి, అవి ఇంకా తర్వాతివి. ఒకే వాకిట్లో మూడు రాజ్యాలు.

పెద్ద రాళ్ల దగ్గర నిలబడి తావెర్నియే రాసింది గుర్తుచేసుకోండి: అక్కడి ఒక్క పెద్ద రాయిని గనిలోంచి తీయడానికి అయిదారు వందల మంది అయిదేళ్లు పనిచేశారట, లాగడానికి 1400 ఎద్దులు పట్టాయట. ఇది రాత గడిలోది, కానీ ఒక ప్రయాణికుడి రాత. లెక్క ఆయన స్వయంగా చూసిందా, ఎవరైనా చెబితే రాసిందా? పక్కన ‘విన్నదా?’ అని రాయండి. మక్కా నుంచి మట్టి తెచ్చి ఇటుకలు చేయించారని, అందుకే ఈ పేరని చెబుతారు. అది ఏ గడిలో వేయాలో ఈపాటికి మీకే తెలుస్తుంది.

ఇంటిపని

వచ్చే నడక లోపు మీ ఊళ్లోనే ఒక పాత చోటు ఎంచుకోండి. గుడి, దర్గా, బురుజు, మెట్లబావి, రైల్వే స్టేషన్, ఏదైనా సరే. ముందు పది నిమిషాలు ఒక్కరే చూసి మొదటి గడి నింపండి. తర్వాత అక్కడ చాలాకాలంగా ఉంటున్న ఒక పెద్దవారిని అడిగి మూడోది నింపండి. రెండో గడి ఖాళీగా మిగిలినా పర్వాలేదు, కల్పించి నింపకండి.

తర్వాతి పాఠం మూసీ ఒడ్డున. నయాపూల్ వంతెన దాటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దాకా నడుస్తాం. 1908 వరదలో ఆ చెట్టెక్కి 150 మంది దాకా బతికి బయటపడ్డారని చెబుతారు. ఆ మాట ఏ గడిలోకి వస్తుందో ఇప్పుడే పెన్సిల్‌తో వేసి ఉంచండి. చెట్టు కింద నిలబడ్డాక, అవసరమైతే చెరిపి మళ్లీ రాద్దాం.