పాత వాషింగ్ మెషీన్ల సేకరణ, మరమ్మతు: ఏది కొనాలి, ఎలా బాగుచేయాలి

పాత వాషింగ్ మెషీన్లను సేకరించదలచినవారు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది, ఏ భాగం పోతే మన ఊళ్లో చేయించుకోగలం, ఏది పోతే ఇక దొరకదు అన్నది. విజయవాడ ఆటోనగర్‌లో అరిగిన షాఫ్టుకు బదులు లేతు మీద కొత్తది చేయించవచ్చు, బుష్ వేయించవచ్చు; కాలిన మోటారుకు వైండింగ్ ఏ వీధిలోనైనా చేస్తారు. పగిలిన ప్లాస్టిక్ టబ్బును, రాతలు చెరిగిన ముందు ప్యానెల్‌ను మాత్రం తిరిగి చేసిపెట్టేవారు లేరు. అందువల్ల మోటారు కదలకపోయినా టబ్బు, మూతలు, ప్యానెల్ బాగుంటే నిశ్చింతగా కొనవచ్చు. మోటారు గిర్రున తిరుగుతున్నా టబ్బులో పగులు కనిపిస్తే విడిభాగాల కోసం తప్ప తీసుకోకూడదు.

1980ల చివర, 1990లలో మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చిన వీడియోకాన్, బీపీఎల్ వంటి సెమీ ఆటోమేటిక్ (ఉతకడానికి ఒక టబ్బు, నీళ్లు పిండే స్పిన్నర్ మరొకటి ఉన్న) యంత్రాలు మనకు తేలికగా చేతికందుతాయి. పాత సామాను కొట్లలో అడిగేటప్పుడు వెనుక పలకను విప్పించి అడుగుభాగం చూడాలి. లోపల ఒకే ఎత్తున ఒండ్రు గీత కనిపిస్తే అది నీట మునిగినదని అర్థం. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తరువాత సింగ్‌నగర్ వైపు నుంచి వచ్చే సరుకు విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఇంటికి తెచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకండి. ఈ యంత్రాల అడుగు తెరిచి ఉంటుంది కనుక ఎలుకలు దూరి వైర్లు కొరికి ఉంటాయి. కొరికిన వైర్లు మార్చి, ఎర్త్ సరిచూసి, మొదటిసారి కరెంటును సిరీస్ బల్బు (యంత్రానికి వెళ్లే కరెంటు తీగ మధ్యలో కలిపిన బల్బు) ద్వారానే ఇవ్వాలి. దానికి 100 లేదా 200 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. ఉతికే మోటారు రెండు వైపులా తిరగాలి కాబట్టి దాని రెండు వైండింగ్‌లు సమానంగా ఉంటాయి: కెపాసిటర్‌ను (మోటారు తిరగడానికి తోడ్పడే, కరెంటును నిలవ ఉంచుకునే డబ్బీ) డిశ్చార్జి చేసి, విడదీసి, మల్టీమీటరుతో కొలిస్తే కామన్ వైరుకూ మిగిలిన రెంటికీ మధ్య ఒకే రెసిస్టెన్స్, ఆ రెంటి మధ్య దానికి రెట్టింపు రావాలి. స్పిన్ మోటారు ఒకే వైపు తిరుగుతుంది కనుక అక్కడ ఈ సమానత్వం ఉండకపోవచ్చు; అది చూసి మోటారు పోయిందనుకోవద్దు. ఉబ్బిన కెపాసిటర్‌కు బదులు అదే మైక్రోఫారడ్ విలువ ఉన్నదే వేయాలి.

ఓపిక కావలసిన పని పల్సేటర్‌ను, అంటే ఉతికే టబ్బు అడుగున తిరిగే ప్లాస్టిక్ పళ్లాన్ని, తీయడం. నడిమి స్క్రూ తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయాలి. తరువాత అంచు కింద రెండు వైపులా గట్టి దారం చుట్టి సమంగా పైకి లాగాలి. ఒక పక్క నుంచి స్క్రూడ్రైవరుతో ఎత్తితే పెళుసుబారిన ప్లాస్టిక్ విరుగుతుంది. కింద చొక్కా గుండీలు, పిన్నీసులు, పది పైసల బిళ్లలు, దారప్పోగులతో కలిసి గట్టిపడిన తెల్లని సున్నం ఉంటాయి. బోరు నీళ్లు వాడిన ఇంటి యంత్రమైతే ఆ సున్నం పెచ్చులు కట్టి ఉంటుంది. దానికి గోరువెచ్చని నీళ్లలో కలిపిన నిమ్మ ఉప్పు చాలు. బ్లీచింగ్ పౌడరును దానితో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది కనుక ఆ పని ఎన్నడూ చేయకూడదు. షాఫ్టు సీలును (నీరు కిందికి కారకుండా ఆపే రబ్బరు రింగు) మాత్రం పాతది బాగున్నట్టు కనిపించినా మార్చేయడమే నయం.

బాడీకి పట్టిన తుప్పును గీకి ప్రైమర్, ఆపైన రంగు వేయించాలి. ప్యానెల్ మీది అక్షరాలకు థిన్నర్ తగలనివ్వకండి, సబ్బు నీళ్లు చాలు. కొత్త స్టిక్కర్లు అంటించడం నా దృష్టిలో యంత్రానికి వేషం వేయడమే.

అమెరికా నుంచి తెప్పించుకున్న యంత్రాలు 120 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు చేసినవి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గాని హెర్ట్జ్‌ను మార్చదు. మన 50 హెర్ట్జ్ మీద ఇండక్షన్ మోటారు ఆరో వంతు మందగించి, 120 వోల్టులే ఇస్తే వేడెక్కుతుంది. 100 వోల్టులు ఇస్తే ఆ వేడి తగ్గుతుంది. బ్రిటన్‌లోనూ 50 హెర్ట్జే కనుక పాత బ్రిటిష్ హూవర్ యంత్రాలకు ఈ చిక్కు లేదు.

చివరి పరీక్షలో తడి తువ్వాళ్లను స్పిన్నర్‌లో సమంగా పరిచి తిప్పి, మూత ఎత్తాలి. కరెంటు తెగి, బ్రేకు పడి కొన్ని సెకన్లలోనే బుట్ట ఆగాలి. ఆగకపోతే బ్రేకు తీగను బిగించే వరకు ఆ యంత్రం దగ్గరికి పిల్లలను రానివ్వకండి.