మదీరా కొండల్లో పక్షుల్ని చూడబోయే ముందు

పోర్చుగల్‌కు చెందిన ఈ దీవికి పక్షుల కోసం వెళ్తుంటే, ముందు జీనోస్ పెట్రెల్ అనే సముద్రపు పక్షి గురించే ఆలోచించండి. ప్రపంచం మొత్తంలో అది గూడు పెట్టేది ఈ కొండల్లోనే. జత ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. 2010 ఆగస్టులో చెలరేగిన మంటల్లో ఆ ఏటి పిల్లలు చాలా వరకు చనిపోయాయి. అందుకే:

- కొండ మీద సిగరెట్, నిప్పు అస్సలు వద్దు.

- 1818 మీటర్ల ఎత్తున్న పీకో దో అరియేరో దగ్గరికి చీకటి పడ్డాక, స్థానిక గైడ్‌తోనే వెళ్లండి. దారి దిగొద్దు. గూళ్లు గడ్డి మొలిచిన అంచుల్లో, మట్టి బొరియల్లో ఉంటాయి. మీ కాలు పడితే బొరియ కూలిపోవచ్చు.

- ఫోన్‌లో దాని కూత వినిపించి పిలవడం, ఫ్లాష్ కొట్టడం తప్పు. చీకట్లో ఎలాగూ చెవులే దిక్కు. సాగదీసి ఏడ్చినట్టుండే ఆ కూతను ఇక్కడివాళ్లు ఒకప్పుడు చనిపోయిన గొర్రెల కాపరుల ఆత్మలదని నమ్మేవారు.

- ఎండాకాలమైనా స్వెటర్, గాలి ఆపే జాకెట్, టోపీ, గ్లోవ్స్ ఉండాల్సిందే. కింద ఊళ్లో వెచ్చగా ఉందని మోసపోవద్దు.

- పగలు ట్రొకాజ్ పావురం కోసం రిబేరో ఫ్రియో అడవికి వెళ్తే, లెవాడా కాలువల పక్క దారి చాలాచోట్ల ఇరుకు. బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుని నడవొద్దు, ఆగి చూడండి. సొరంగాలున్న దారైతే టార్చ్ తప్పనిసరి.

- కొండచరియలు పడి దారులు మూసేస్తుంటారు. బయల్దేరే రోజు పొద్దున్నే కనుక్కోండి.